అల్లుడుగారి బటర్‌క్రీమ్

అంబాజీపేట దగ్గర మా అత్తవారి ఊళ్లో అల్లుడు చేసిన పనిని ఎవరూ తప్పనరు. పప్పులో కాలేసినా "ఆయ్, కాలు బాగా పెట్టారండి" అంటారు. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

మే నెల. పాప ఆరో పుట్టినరోజు. కేకు మా ఆవిడ గాస్కెట్టూ విజిలూ తీసేసిన కుక్కర్లో చేసేసింది. బాగా వచ్చింది కనక దాని గురించి చెప్పుకోడానికేమీ లేదు. పైన పూసే చాక్లెట్ బటర్‌క్రీమ్ మాత్రం నేనే చేస్తానని నోరు జారాను. ఒకసారి డిసెంబరులో, హైదరాబాదులో, ఏసీ వేసుకుని చేశాను లెండి. అద్భుతంగా కుదిరింది. అది నా చేతి మహిమ అనుకున్నాను గానీ, ఏసీ మహిమ అని ఎవరు చెబుతారు?

కాయితం మీద సులువే. 200 గ్రాముల వెన్న, 400 గ్రాముల పంచదార పొడి, 60 గ్రాముల కోకో, రెండు చెంచాల పాలు. మొదటి వాక్యమే "వెన్న గది ఉష్ణోగ్రతలో ఉండాలి" అని. ఎవరి గది? ఆ రాసినావిడ గది 20 డిగ్రీలుంటుంది కాబోలు. అక్కడ వెన్న వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా, బుద్ధిగా కూచుంటుంది. 32, 35 డిగ్రీల మధ్యకి వచ్చేసరికి వెన్న కరిగిపోతుంది. మా అత్తగారి వంటింట్లో ఆ మధ్యాహ్నం 38. అమలాపురంలో రెండు పొట్లాలు కొని బండి డిక్కీలో వేసుకొస్తే, ఇంటికొచ్చేసరికి పొట్లం కాదు, తిత్తి.

అత్తగారు నాతో నేరుగా మాట్లాడరు. తలుపు చాటు నుంచి కూతురికి చెబుతారు, నాకు వినపడేట్టు.

"అమ్మాయ్, నెయ్యి మన జాడీలో ఉందిగా, అబ్బాయిగారు ఎండలో పడి కొనుక్కురావడమెందుకే?"

అని ఊరుకోక, నీళ్లలో తేలుతున్న గేదె వెన్న ముద్ద పంపించారు. తెల్లగా, నున్నగా, కొబ్బరికాయంత. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. దాని కడుపులో ఎంత మజ్జిగ నీళ్లు దాగున్నాయో అప్పుడు తట్టలేదు.

ఈలోగా కోకో డబ్బా మావయ్యగారి కంట పడింది. ఆయన కొబ్బరి తోటలో చెట్ల నీడన కోకో మొక్కలున్నాయి. ఏటా గింజలు అమ్ముతారు గానీ, ఆ ఇంట్లో చాక్లెట్ చేసిన పాపాన ఎవరూ పోలేదు. "పొడి చాలకపోతే చెప్పండి, కాయ కోయిస్తాను" అన్నారు. చెప్పేదాకా ఆగలేదు, కోయించేశారు. కత్తితో ఒక్కటేసి నా ముందు పెట్టారు. లోపల సీతాఫలంలా తెల్లటి గుజ్జు, దాని మధ్య గింజలు. చప్పరిస్తే తియ్యతియ్యగా, పుల్లపుల్లగా ఉంది, చాక్లెట్ వాసన మాత్రం లేదు. ఆ వాసన పుట్టాలంటే గింజలు ఆరేడు రోజులు పులియాలి, తర్వాత ఎండాలి, ఆపైన వేగాలి.

"పుట్టినరోజు ఇవాళేనండీ మావయ్యగారూ."

"ఆయ్, తొందరేం లేదండి, నిదానంగా కానివ్వండి."

పంచదార మిక్సీలో వేశాను. తిరిగీ తిరిగీ అదీ వేడెక్కింది. దాన్ని వెన్నలో పోసి, కోకో కలిపి, పాలు చుక్క వేసి, బీటరు పెట్టి మీట నొక్కాను. అర నిమిషం తిరిగిందో లేదో కరెంటు పోయింది. బావమరిది పరిగెత్తుకెళ్లి కవ్వం తెచ్చాడు. "బావగారూ, మీరు కూచోండి, నేను చిలుకుతాను" అంటాడు. మర్యాద. "లేదు బావా, నేనే" అన్నాను. పౌరుషం.

తలుపు వెనక గాజులు కదిలాయి. "అమ్మాయ్, మజ్జిగ చిలికితే వెన్నొచ్చింది. వెన్న చిలికితే ఏమొస్తుందో అడగవే."

"గాలి చేరుతుందండి" అన్నాను, చెమట తుడుచుకుంటూ.

తలుపు వెనక చాలాసేపు చప్పుడు లేదు.

తీరా చూస్తే గాలీ లేదు, వెన్నా లేదు. గోధుమరంగు పులుసు. అంచుల వెంట నీళ్లు వేరైపోయి, నడుమ రవ్వరవ్వగా పంచదార. మనూళ్లో అయితే "తగలేశావురా" అని ఎవరో ఒకరు అందురు, నేనూ ఆపేద్దును. ఇక్కడ ఒక్కొక్కరూ వచ్చి తొంగిచూసి వెళుతున్నారు. "చిక్కగా వచ్చిందండి." "రంగు దివ్యంగా ఉందండి." పక్కింటి పిన్నిగారైతే గ్లాసు తెచ్చుకున్నారు.

"చల్లబడితే గట్టిపడుతుంది" అన్నాను నీరసంగా. నిజమే, బటర్‌క్రీమ్ పలచబడితే విరుగుడు అదే, చల్లార్చి మళ్లీ గిలక్కొట్టడం. కానీ కరెంటు లేని ఫ్రిజ్జు బీరువాతో సమానం.

బావమరిది బండెక్కాడు. వాడికి రొయ్యల చెరువుంది, ఆ పొద్దున్నే పట్టుబడి. పావుగంటలో థర్మాకోల్ పెట్టె నిండా ఐసు దించాడు. "కిలోకి నలభై తూగాయి, 40 కౌంటు బావగారూ, మంచి రేటొచ్చింది" అంటూ ఐసు మధ్యలో గిన్నె కూరాడు. మూత వెయ్యాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

పది నిమిషాలు. మళ్లీ కవ్వం తిప్పాను. ఏమని చెప్పను! పులుసు కాస్తా ముద్దయింది, ముద్ద కాస్తా నురగలా పొంగింది, కవ్వం పైకి లాగితే శిఖరం నిలబడింది. నా కళ్లు చెమర్చాయి. కేకు మీద గుట్టగుట్టలుగా పూసేసి, గోడవార పోసినట్టు అంచులు తీర్చి, వెనక్కి జరిగి చూసుకున్నాను.

వెన్నకో గుణం ఉంది. పక్కన ఏ వాసన ఉంటే అది పట్టేస్తుంది. ఈ సంగతి నాకంటే ముందు పిల్లికి తెలిసింది. కేకు పళ్లెం వెంటే వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి అరుగు మీదికి వచ్చి కూచుంది.

దీపం ఆర్పారు, కోశారు, పంచారు. అందరూ నోట్లో పెట్టుకుని ఒక్కసారిగా ఆగారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అదీ మర్యాదే. పాప ఒక్కతే, "నాన్నా, ఇది రొయ్యల కేకా?" అంది. మా ఆవిడ దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టి, అదే చేత్తో తన ముక్కూ మూసుకుంది.

మావయ్యగారు ముక్క మొత్తం తిన్నారు. పళ్లెం కింద పెట్టి, కండువాతో మూతి తుడుచుకుని, నా వంక ఎంతో ఆప్యాయంగా చూశారు.

"ఆయ్, రొయ్య భేషుగ్గా కుదిరిందండి. తీపే కాస్త ఎక్కువైంది."