బట్‌ని భుజానికి దూరంగా పెట్టమనే ఆ మెసేజ్‌ని దయచేసి ఆపండి

బట్ అంటే రైఫిల్ వెనక భుజానికి ఆనించే భాగం, దాన్ని దూరంగా పెట్టమనే ఈ మెసేజ్ మూడు గ్రూపుల్లో ఐదుసార్లు వచ్చింది. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ రహస్యాలంట, కింద ఎప్పట్లాగే పది మందికి పంపండి అని. మొదట్లో చూసి వదిలేశా. నిన్న మా అన్నయ్య కూతురు పంపింది, ఎన్‌సీసీలో ఉంది, వచ్చే నెల క్యాంపులో ఫైరింగ్ ఉందంట, "బాబాయ్, ఇందులో చెప్పినట్టు పట్టుకుంటే భుజం నొప్పి రాదా?" అని అడిగింది. ఇంక ఊరుకోలేకపోయా. ట్రైనింగ్ నుంచి చాలా ఏళ్ళు ఎస్ఎల్ఆర్ (మన పాత సెమీ ఆటోమేటిక్ రైఫిల్, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క బుల్లెట్ పోయి తర్వాతది దానంతటదే ఎక్కుతుంది) మోసినవాణ్ణి, మెసేజ్ కూడా ఎస్ఎల్ఆర్ పేరే చెప్తోంది కాబట్టి దాంతోనే మాట్లాడతా.

మొదటి మాట, "గ్యాస్‌తో పనిచేసే రైఫిల్‌లో రీకాయిల్ సగానికి సగం తగ్గిపోతుంది". రీకాయిల్ అంటే కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే తన్ను; మందు కాలిన గ్యాస్‌లో కొంత పిస్టన్‌ని తోసి మళ్ళీ లోడ్ చేసే రైఫిలైనా అది సగానికి తగ్గదు. బుల్లెట్, దాని వెనక గ్యాస్ ఎంత బలంగా ముందుకి పోతాయో అంత బలమూ రైఫిల్ మీదకి రావాల్సిందే, మధ్యలో పిస్టన్ పెడితే అది మాయమైపోదు. జరిగేదేంటంటే ఆ తన్ను ఒక్కసారిగా కాకుండా విడతలుగా వస్తుంది, ముందు ఒక తోపు, తర్వాత క్యారియర్ (బారెల్ వెనక మూసి ఉంచే బోల్ట్‌ని మోసే భాగం) వెనక్కెళ్ళి బట్‌లో ఉన్న స్ప్రింగ్‌ని నొక్కి ఆగినప్పుడు ఇంకో తోపు, మళ్ళీ అది ముందుకొచ్చి మూసుకున్నప్పుడు రైఫిల్ ముందుకి లాగినట్టు ఉంటుంది. ఇదంతా సెకనులో పదో వంతు లోపే. అందుకే బోల్ట్ యాక్షన్ (ప్రతి బుల్లెట్‌కీ చేత్తో బోల్ట్ లాగి కొట్టే రైఫిల్) కంటే మెత్తగా అనిపిస్తుంది. అనిపించడం వేరు, సగం తగ్గడం వేరు. నిజంగా తక్కువ తన్నే రైఫిల్ కావాలంటే చిన్న రౌండ్ (తూటా) వాడాలి, ఎస్ఎల్ఆర్ తర్వాత వచ్చిన ఇన్సాస్ రైఫిల్‌తో 5.56 మిల్లీమీటర్ల రౌండ్ కొట్టినవాళ్ళకి తెలుసు, ఎస్ఎల్ఆర్ 7.62తో పోలిస్తే తన్నే శక్తి దాదాపు నాలుగో వంతు.

బారెల్ మూతి దగ్గరుండే ఫ్లాష్ హైడర్ రీకాయిల్ తగ్గిస్తుందంట. దాని పని మంట కనపడకుండా చెయ్యడం. గ్యాస్‌ని పక్కలకి మళ్ళించి తన్ను తగ్గించేది మజిల్ బ్రేక్, ఏకే-74 మూతి దగ్గర ఉంటుందే అది. రెండూ ఒకటి కాదు.

ఎస్ఎల్ఆర్ నాలుగు కేజీలు దాటడం మన ఫ్యాక్టరీ చేతకానితనం అని ఇంకోటి. ఎస్ఎల్ఆర్‌కి మూలమైన బెల్జియంవాళ్ళ ఒరిజినల్ రైఫిల్ ఫాల్ కూడా నాలుగు కేజీల పైనే. ఆ రౌండ్ తన్నుని ఆపాలంటే బరువు కావాలి, అంతే.

ఇక అసలు విషయం. "బట్‌ని భుజానికి రెండు వేళ్ళు దూరంగా పెట్టి, చేతులు వదులుగా ఉంచితే తన్ను గాలిలోనే ఆగిపోతుంది, నొప్పి ఉండదు." ఈ ఒక్క వాక్యం రాసినవాడు జీవితంలో 7.62 రౌండ్ కొట్టలేదని నేను ఎక్కడైనా చెప్తా. గాలి ఆపుతుందా? దేన్ని ఆపుతుంది? రౌండ్ పేలిన క్షణంలో నాలుగున్నర కేజీల రైఫిల్ సెకనుకి సుమారు రెండున్నర మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. నాలుగున్నర కేజీల ఇనుప ముక్కని అడుగు ఎత్తు నుంచి మీ కాలర్ బోన్ మీద వదిలితే వచ్చే వేగం అది. బట్ భుజానికి ఆనుకుని గట్టిగా ఉంటే రైఫిల్, భుజం, ఒళ్ళు అన్నీ కలిసి ఒకే బరువుగా వెనక్కి జరుగుతాయి, అది తోసినట్టు ఉంటుంది. రెండు వేళ్ళ సందు ఇచ్చారంటే రైఫిల్ ఒంటరిగా ఆ వేగం మొత్తం అందుకుని తర్వాత వచ్చి గుద్దుతుంది. మా బ్యాచ్‌లో ఒక కుర్రాడు భయంతో ఇలాగే సందిచ్చి కొట్టాడు, మొదటి రౌండ్‌కే కాలర్ బోన్ దగ్గర కమిలిపోయి, బుగ్గకి కూడా దెబ్బ తగిలి పెదవి చిట్లి రక్తం. ఆ రోజు మిగిలిన రౌండ్లన్నీ ట్రిగ్గర్ నొక్కేముందు కళ్ళు మూసుకునే కొట్టాడు, టార్గెట్ మీద ఒక్కటీ లేదు. ఉస్తాద్ (ట్రైనర్) మధ్యలో డమ్మీ రౌండ్ పెట్టి చూపించాడు, రౌండ్ పేలకపోయినా రైఫిల్ మూతి జానెడు కిందకి ఊగింది. ఆ భయం పోవడానికి నెలలు పట్టింది.

ఎన్‌సీసీలో మొదట .22 అనే చిన్న రౌండ్ రైఫిల్ కొట్టిస్తారు, దాంట్లో తన్ను లెక్కలోకి రాదు కాబట్టి ఈ వదులు పట్టుతో కొట్టినా పిల్లలకి ఏమీ అవ్వదు, ఓహో మెసేజ్ కరెక్టే అనుకుంటారు, అదే అలవాటుతో తర్వాత పెద్ద రైఫిల్ పట్టుకుంటారు. నాకు కోపం అందుకే. మజ్బూత్ పకడ్, దురుస్త్ శిస్త్, దురుస్త్ ట్రిగ్గర్ ఆపరేషన్ (గట్టి పట్టు, సరైన గురి, సరిగ్గా ట్రిగ్గర్ నొక్కడం) అని నేర్పిస్తారు కదా, అందులో పకడ్ మొదట ఎందుకుందో ఒక్కసారి ఆలోచించి ఫార్వర్డ్ చెయ్యొచ్చు కదా!

గురికి కూడా అదే ముఖ్యం. బుల్లెట్ బారెల్లో ఉండేది సెకనులో దాదాపు వెయ్యో వంతు. ఆ కాస్త టైంలోనే రైఫిల్ ఒక మిల్లీమీటర్ పైన వెనక్కి జరుగుతుంది. బారెల్ లైన్ కంటే భుజం కిందకి ఉంటే జరుగుతూనే మూతి లేవడం మొదలుపెడుతుంది. ప్రతిసారీ ఒకేలా పట్టుకుంటే ప్రతిసారీ అంతే లేస్తుంది, జీరోయింగ్‌లో (గురి చూసే సైట్లని బుల్లెట్ పడే చోటికి సరిచెయ్యడంలో) అది కలిసిపోతుంది. ఒకసారి గట్టిగా ఒకసారి వదులుగా పట్టుకుంటే గ్రూపు (టార్గెట్ మీద బుల్లెట్లు పడ్డ గుంపు) చెదిరిపోతుంది. అమెరికన్ రైఫిల్ డిజైనర్ యూజీన్ స్టోనర్ 1950ల్లో బట్‌ని బారెల్‌కి తిన్నగా ఒకే లైన్లో పెట్టింది ఈ మూతి లేవడం తగ్గించడానికే.

"బుల్లెట్ బయటికి పోకముందే బోల్ట్ తెరుచుకుంటుంది, అందుకే సెమీ ఆటోకి గురి ఉండదు, స్నైపర్లు బోల్ట్ యాక్షనే వాడతారు" అంట. బుల్లెట్ గ్యాస్ రంధ్రం దాటాకే పిస్టన్ కదులుతుంది, క్యారియర్ కొంత దూరం ఖాళీగా జరిగాకే బ్రీచ్ బ్లాక్ (ఎస్ఎల్ఆర్‌లో బోల్ట్) వెనక భాగాన్ని పైకి లేపి తెరుస్తుంది, అప్పటికి బుల్లెట్ ఎప్పుడో బయటికెళ్ళిపోయింది. అంత ప్రెషర్‌లో ముందే తెరుచుకుంటే ఖోకా (తూటా గొట్టం) మొహం మీద పగిలిపోతుందయ్యా! స్నైపర్ల సంగతంటారా, మన ఆర్మీ ఏళ్ళ తరబడి వాడిన డ్రాగునోవ్ సెమీ ఆటోనే, అమెరికన్లు వియత్నాంలో వాడిన ఎం21 కూడా అదే.

కానీ ఈ పాయింట్లో ఒక నిజం ఉంది, ఒప్పుకుంటా. బారెల్‌కి గ్యాస్ బ్లాకూ పిస్టనూ తగిలించి ఉంటే రౌండ్ పేలినప్పుడు బారెల్ వణుకు బోల్ట్ యాక్షన్‌లో ఉన్నంత నీట్‌గా ఉండదు. అదే ఖర్చుతో చేస్తే బోల్ట్ యాక్షనే చిన్న గ్రూపు ఇస్తుంది. మా ఎస్ఎల్ఆర్‌లో అయితే ముందు సైటు బారెల్ వైపు, వెనక సైటు కింది బాడీ మీద, ఆ రెండు బాడీల మధ్య జాయింట్ అరిగిన రైఫిల్‌కి జీరో నిలబడదు. అలాంటిది నాకూ ఒకసారి ఇచ్చారు, తప్పు నాదేనని వారం రోజులు నన్ను నేనే తిట్టుకున్నా.

అమ్మాయికి రాత్రే రాసి పంపా: బట్‌ని ఎముక మీద కాదు, కాలర్ బోన్ కింద భుజం గుంటలో పెట్టు, సందు లేకుండా లోపలికి లాక్కో, బుగ్గ బట్ మీద ఆన్చు, ఊపిరి సగం వదిలి ఆపి ట్రిగ్గర్ మెల్లగా నొక్కు. "అలా పెట్టినా నొప్పేస్తుందా బాబాయ్?" అంది. ఎస్ఎల్ఆర్ ఇస్తే నొప్పేస్తుంది తల్లీ, నలభై రౌండ్లు కొడితే నాక్కూడా భుజం ఎర్రబడేది, రెండు రోజుల్లో తగ్గిపోతుంది.