చి.ల.సౌ. గుర్రపుడెక్క గారికి

చి.ల.సౌ. గుర్రపుడెక్క గారికి నమస్కారాలు. చిరంజీవి అని మాటవరసకి రాయలేదు. తమరి విత్తనం బురదలో పడితే 15 ఏళ్లు దాటినా మొలుస్తుందట.

నిన్న కొల్లేట్లో మా పడవని ఆపి రెండు గంటలు ఆతిథ్యం ఇచ్చారు, సంతోషం. గూడబాతుల్ని చూపిస్తానని పిల్లలకి మాటిచ్చి తీసుకెళితే, కనుచూపు మేరా తమరే. మోటారు ఫ్యానుకి తమరి వేళ్లు జడలా చుట్టుకుపోయాయి. ఊదా పూలు బాగున్నాయని మా ఆవిడ ఫొటోలు కూడా తీసింది. దోమల సంగతి నా వీపు చెబుతుంది.

సరే, పడవ ఆగితే ఆగింది. పడవాయన గెడ అడుగుదాకా దించి పైకి తీశాడు చూడండి! కాటుకలాంటి బురద, కుళ్లిన కోడిగుడ్డు కంపు. "అడుగున గాలాడట్లేదండీ" అన్నాడు.

తమరి వేరు ఆ నేలకి తగలనైనా తగలదే, మరి దాన్నెందుకు పాడు చేశారు? పైన చాప పరిస్తే ఎండా దిగదు, గాలీ కలవదు. చచ్చిన ఆకులు కిందకి చేరి కుళ్లుతుంటే ఉన్న కాస్త ఆక్సిజనూ ఖర్చు. ఆ తర్వాత అది అక్కర్లేని సూక్ష్మజీవులదే రాజ్యం. ఉప్పుటేరు గుండా సముద్రపు నీళ్లతో వచ్చిన సల్ఫేటుని అవి హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. కంపు అదే. ఇనుముతో కలిస్తే నలుపు. పోనీ అక్కడితో ఆగుతుందా! ఆక్సిజన్ ఉన్నన్నాళ్లూ బురదలోని ఇనుము గట్టిగా పట్టుకున్న భాస్వరం ఇప్పుడు జారి నీళ్లలో కలుస్తుంది. దాన్ని తినేదెవరు? నువ్వే! మా గాదెకి కన్నం పెట్టి, మా బియ్యమే వండుకు తింటున్నావు కదే!

'గారు' జారిపోయింది. పోనీ.

దక్షిణ అమెరికాలో నీ మానాన నువ్వుంటే, అందంగా ఉన్నావని తెచ్చింది మనుషులే. చేపల చెరువుల నీళ్లు, ఊళ్ల మురుగు వదిలి మేపుతున్నది మేమే, ఒప్పుకుంటా. 2002లో కొల్లేటికి రామ్‌సర్ గుర్తింపు, అంటే ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేలన్న పేరు, వచ్చిందని మురిసిపోయిందీ మేమే. నిన్ను పీకి గట్టున పడేస్తాం, వానకి మళ్లీ దిగుతావు. రెండు వారాలు చాలు, రెట్టింపవుతావు.

ఇంత తిట్టినా నీకు చీమ కుట్టినట్టైనా ఉండదు. ఉప్పూ కారం తింటే కదా రోషం! ఉప్పుటేట్లో దారికడ్డంగా పడుకుంటావే గానీ, ఉప్పు తగిలే చోటికి మాత్రం రావు.

ఇట్లు,
పిల్లలకి ఇంకో ఆదివారం బాకీపడ్డవాడు