ఆ కేజన్ పొడి డబ్బా కాసేపు పక్కన పెట్టండి

రొయ్యల మీద ఎర్ర మసాలా చల్లి, చీజ్ దట్టంగా పరిచి, ఓవెన్‌లో పెట్టేసి 'కేజన్ బేక్' అని పేరు తగిలించే వీడియోలు చూస్తే ఒళ్లు మండుతోంది. కేజన్ అంటే అమెరికాలోని దక్షిణ లూసియానా వంట. దాన్ని ఒక పొడికి కుదించేస్తే ఎలా?

1755లో బ్రిటిష్ వాళ్లు ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతంలో ఫ్రెంచి మాట్లాడే అకాడియన్ల భూములు లాక్కుని, ఓడలెక్కించి తరిమేశారు. వాళ్లలో కొందరు ఎక్కడెక్కడో తిరిగి చివరికి దక్షిణ లూసియానా చిత్తడి నేలలకు చేరారు. అకాడియన్ అన్న మాటే నోళ్లలో నలిగి కేజన్ అయింది. అక్కడి చేపలు, రొయ్యలు, పీతలతో వాళ్లు అల్లుకున్న వంట ఇది. ఘాటు ఉంటుంది, కాదనను. కానీ రుచికి పునాది ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికం. ఆ మూడింటినీ అక్కడ 'హోలీ ట్రినిటీ' అంటారు.

పొడి పిచ్చి చాలావరకు తర్వాత వచ్చింది. 1979లో న్యూ ఆర్లీన్స్‌లో కె-పాల్స్ అనే రెస్టారెంట్ తెరిచిన షెఫ్ పాల్ ప్రూడోమ్, రెడ్‌ఫిష్ అనే చేపను వెన్నలో ముంచి, మసాలా పట్టించి, కణకణలాడే ఇనప పెనం మీద నల్లగా కాల్చి పెట్టాడు. అమెరికా అంతా ఎగబడింది. ఆ చేపకు గిరాకీ ఎంత పెరిగిందంటే, 1980ల్లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో దాని వేటకు ప్రభుత్వం కళ్లెం వేయాల్సి వచ్చింది. ఆయన వంట చాలా పెద్దది. జనం మాత్రం పొడినే పట్టుకున్నారు.

రాత్రి భోజనానికి ఓవెన్‌లో ఏదైనా చేయాలనుంటే స్టఫ్డ్ మిర్లిటాన్ చేయండి. దక్షిణ లూసియానా ఇళ్లలో చేసుకునే వంట. మిర్లిటాన్ మన బెంగళూరు వంకాయే, కాబట్టి హైదరాబాదులో ఉన్నవాళ్లకీ ఇబ్బంది లేదు. కాయల్ని మెత్తగా ఉడికించి, నిలువునా కోసి, గింజ తీసి, డిప్ప చిరగకుండా గుజ్జు తోడండి. ఆ గుజ్జును జల్లెడలో వేసి నీళ్లు ఓడ్చాలి. ఈ ఒక్క పని బద్ధకిస్తే కూరినదంతా నీళ్లోడి జావలా అయిపోతుంది.

అసలు పని పొయ్యి మీదే. వెన్నలో ఆ హోలీ ట్రినిటీ కూరలు మూడూ సన్నని సెగ మీద ఇరవై నిమిషాలైనా మగ్గాలి. రొయ్యల ఇగురుకి ఉల్లిపాయ వేయించడంలో మనం చూపించే ఓపికే ఇక్కడా కావాలి. ఉల్లిపాయ బంగారు రంగుకి తిరిగి, గిన్నె అడుగున గోధుమరంగు పట్టినప్పుడు వెల్లుల్లి, గుజ్జు వేసి అడుగు గోకుతూ కలపండి. తడి ఆరాక థైమ్, కాస్త కారం. రొయ్య ముక్కలు చివర్లో వేసి, గులాబీ రంగు రాగానే దించేయండి. ఓవెన్‌లో ఎలాగూ మళ్లీ ఉడుకుతాయి, ముందే బాగా ఉడికిస్తే రబ్బరే. పీత మాంసం చిదిమిపోకుండా పైపైన కలిపి, ఉల్లికాడలు, బ్రెడ్ పొడి చేర్చి డిప్పల్లో నింపండి. వెన్న కలిపిన బ్రెడ్ పొడి పైన చల్లి, 175 డిగ్రీల సెల్సియస్‌లో పాతిక నిమిషాలు.

చీజ్ వద్దు. పీత మాంసంలో ఉండే ఆ సన్నని తీపి దాని కింద చచ్చిపోతుంది. అంత ఖరీదు పెట్టి పీత కొన్నది ఆ తీపి కోసమే కదా!

పీత దొరక్కపోతే రొయ్యలే రెండింతలు వేయండి. సెలరీ దొరక్కపోతే మానేయండి, బదులుగా కొత్తిమీర మాత్రం వేయకండి.