ఆటుపోట్లకు ముఖ్య అతిథి టైం ఎవరు చెప్పాలి?

జూలై 26, ప్రపంచ మడ అడవుల దినోత్సవాన్ని ఇకమీదట విజయవాడలోనే, ఏసీ హాల్లో జరపాలని సవినయ మనవి. మడ ఉన్న నాగాయలంక, నిజాంపట్నం తీరం వైపు వెళ్తే లేనిపోని చిక్కులు. మడ నాటాలంటే పోటు తీశాకే బురదలో దిగాలి. అతిథిగారు పదకొండున్నరకి గానీ రారని సముద్రానికి చెప్పే నాథుడు లేడు.

పైగా అక్కడ అసలు పని మొక్కతో మొదలు కాదు. చెట్లు నరికేసిన మడ నేల ఎండకి ఆరి కుంగిపోతుంది. పోటుకి ఎక్కిన నీరు ఆ గుంటలోంచి తిరిగి పోలేదు, అక్కడే ఇగిరి ఉప్పు పేరుస్తుంది. అందులో ఏం పెట్టినా చస్తుంది. అందుకని ముందు కాలవ తవ్వాలి. పాయ నుంచి ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో చీలే పిల్ల కాలవలు. దీన్ని చేపముల్లు పద్ధతి అంటారు. పెద్ద కాలవ పైన ఇంచుమించు 3 మీటర్లు, అడుగున ఒక మీటరు, లోతు మీటరు. గట్లు నిలువుగా చెక్కితే వానకి జారి పూడిపోతాయి. మొక్క పెట్టాల్సింది వాలు మధ్యలో: పోటుకి తడవాలి, ఆటుకి ఊపిరి తీసుకోవాలి. ఉప్పుపొన్న అనే మడ చెట్టు కాయైతే చెట్టు మీదే మొలకెత్తి పొడుగ్గా వేలాడుతుంది. మొన కిందికి పెట్టి, మూడోవంతు బురదలోకి గుచ్చితే చాలు. (తలకిందులుగా గుచ్చినా ఫొటోలో తేడా తెలీదు.)

కాలవకి రిబ్బన్ ఎక్కడ కడతాం? ఏటేటా పూడిక తీతకి శిలాఫలకం వేస్తామా? అన్నిటికీ మించి, పాయకి అడ్డంగా రొయ్యల చెరువు గట్టు ఉంటే ఎంత తవ్వినా పోటు నీరు ఎక్కదు. ఆ గట్టు ఎవరిదని అడిగేముందు అతిథుల జాబితా ఒకసారి చూసుకోవడం క్షేమం.

ఎన్ని నాటామన్న అంకె మర్నాడు పేపర్లో వస్తుంది. మూడేళ్లకి ఎన్ని మిగిలాయని అడగడం సభామర్యాద కాదు. కొన్ని గేదెలు మేస్తాయి, కొన్ని కాండానికి పట్టిన గుల్లల బరువుకి ఒరుగుతాయి, తక్కినవి పూడిన కాలవలో కుళ్లుతాయి. మరీ ఇబ్బందైతే ఇసుకలో సరుగుడు నాటి, రిజిస్టరులో మడ అని రాసుకోవచ్చు. సరుగుడు గాలికి అడ్డే. రిజిస్టరు ఉప్పెనకి అడ్డు.

సభలో ఎవరో ఒకరు లేచి, విజయవాడను ముంచే బుడమేరు వాగు గట్టున మడ నాటొచ్చుగా అంటారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది సముద్రం. అలాంటి ఉప్పెన జోరు తగ్గించడం మడ పని. ఎగువన కురిసి దిగే వాన నీటితో దానికి పనిలేదు, పైగా రోజుకు రెండుసార్లు ఉప్పునీరు వచ్చిపోయే సౌకర్యం బుడమేరులో లేదు. కాకపోతే ఒక చుట్టరికం ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌కీ నీళ్లు వచ్చాయి, తిరిగి పోలేదు. పోయే దారిలో మనం ప్లాట్లు నాటాం. ఒక్కటీ చావలేదు.