ఆ ఇంట్లో పెరో ఎక్కడ?

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పార్క్ స్ట్రీట్ మీదుగా పైకి ఎక్కుతుంటే ఎడమ వైపు గ్రేట్ జార్జ్ స్ట్రీట్ వస్తుంది. అందులో ఏడో నంబరు ఇల్లే జార్జియన్ హౌస్ మ్యూజియం. టికెట్ లేదు. చలికాలంలో మూసేస్తారు కాబట్టి వెళ్లేవాళ్లు ముందే చూసుకోవాలి. నన్ను మా అక్క కొడుకు తీసుకెళ్లాడు. వాడు ఆ ఊళ్లోనే ఎంఎస్ చదువుతున్నాడు. గదులన్నీ చూసి మెట్లు దిగి బయటికి వచ్చాక, "ఎంత బాగుంది మామయ్యా, అలా బతకాలి" అన్నాడు. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

ఇల్లు బాగుంది, కాదనను. 1788-91 మధ్య జాన్ పినీ అనే చక్కెర వ్యాపారి కట్టించుకున్నాడు. ఆరు అంతస్తులు. లెక్కలు రాసుకునే గది, భోజనాల గది, ఆడవాళ్లు కూర్చునే హాలు, పడక గదులు, కింద వంటిల్లు, బట్టలు ఉతికే గది. నేలమాళిగలో చన్నీళ్ల స్నానానికి రాతితో కట్టిన తొట్టి ఉంది. మనిషి మెట్లు దిగి అందులో మునగొచ్చు. పొద్దున్నే చన్నీళ్లలో మునిగితే ఒంటికి మంచిదని ఆ రోజుల్లో డబ్బున్నవాళ్ల నమ్మకం. ఆ తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాను. అందులో మునిగే మనిషి ఒక్కడే. కానీ ఆయన పైకి వచ్చేసరికి పొడి బట్టలు ఎవరో సిద్ధం చేసి ఉంచాలి. గడ్డం ఎవరో గీయాలి.

ఆ గడ్డం గీసిన మనిషి పేరు చరిత్రలో మిగిలింది. పెరో.

కరీబియన్ సముద్రంలో నెవిస్ అని చిన్న దీవి, వంద చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడి చెరకు తోటలు పినీకి వారసత్వంగా వచ్చాయి. 1760ల మధ్యలో తోటలు చూసుకోవడానికి అక్కడికి వెళ్లి, పనికోసం మనుషులను కొన్నాడు. 1765లో కొన్నవాళ్లలో పన్నెండేళ్ల పెరో, అతని ఇద్దరు చెల్లెళ్లు నాన్సీ, షీబా ఉన్నారు. ఆ రోజుల్లోనే పినీ ఒక ఉత్తరం రాశాడు. మనుషులను అమ్మకానికి పెట్టడం మొదటిసారి చూసినప్పుడు అదిరిపడ్డానని అందులో ఒప్పుకున్నాడు. వెంటనే, వాళ్లను దేవుడు మన ఉపయోగం కోసమే పుట్టించి ఉంటాడని, తప్పయితే ఏదో ఒక సూచన ఇచ్చేవాడు కదా అని రాసుకున్నాడు. ఆ ఒక్క ఉత్తరం చాలు. చూసింది తప్పని ఆయన లోపల తెలుసు. ఆ తెలివిని ఎలా జోకొట్టి నిద్రపుచ్చాలో కూడా తెలుసు.

అప్పట్లో ఇంగ్లండ్ వంటిళ్లకు చక్కెర మన బెల్లం దిమ్మలా, శంకువు ఆకారంలో గట్టి ముద్దగా వచ్చేది. పట్టకారుతో ముక్కలు చేసి వాడేవారు. అనకాపల్లి వైపు గానుగ ఆడటం చూసినవాళ్లకు ఆ చక్కెర ఎలా తయారయ్యేదో వేరే చెప్పనక్కర్లేదు. చెరకు కొట్టిన రోజే ఆడాలి, లేకపోతే రసం పులుస్తుంది. పెనాల కింద మంట ఆరకూడదు, పొంగు మీద మడ్డి తీస్తూనే ఉండాలి. మన దగ్గర అది సీజన్లో కొన్నాళ్ల పని, చివర్లో పిల్లలు పాకం నాకే పండగ. చక్కెర దీవుల్లో అదే పని రాత్రీ పగలూ, కొరడా కింద జరిగేది. నిద్రమత్తులో గానుగలో చెయ్యి ఇరుక్కుంటే నరికెయ్యడానికి పక్కనే గొడ్డలి పెట్టుకునేవారని ఆ కాలం రాతల్లో ఉంది.

పినీ 1783లో ఇంగ్లండ్ తిరిగొచ్చి బ్రిస్టల్‌లో స్థిరపడ్డాడు. వెంట పెరో వచ్చాడు, ఫానీ కోకర్ కూడా వచ్చింది. ఫానీకి నెవిస్‌లో చిన్నప్పుడే, 1778లో బానిసత్వం నుంచి విడుదల దొరికింది. కుట్టుపని నేర్చుకుని పినీ భార్యకు పనిమనిషిగా ఉంది. ఊళ్లోని బాప్టిస్టు చర్చిలో చేరింది, నెవిస్‌లో ఉన్న తనవాళ్లకు వస్తువులు పంపుతుండేది. పెరోకు మాత్రం విడుదల రాలేదు. బానిసను బలవంతంగా దేశం దాటించకూడదని లండన్ కోర్టు 1772లోనే తీర్పు ఇచ్చింది. అయినా ఇంగ్లండ్ గడ్డ మీద అతను పినీ మనిషిగానే బతికాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆయనకు సేవ చేసి 1798లో చనిపోయాడు. అప్పటికి నలభై అయిదేళ్లు.

ఇదంతా మ్యూజియం దాచిపెట్టిందని నేను అనడం లేదు. పినీ చక్కెర వ్యాపారం గురించీ పెరో గురించీ లోపల ఒక చిన్న ప్రదర్శన ఉంది. అది ఉండటం మంచిదే, చాలా చోట్ల అదీ లేదు. నా అభ్యంతరం దాన్ని పెట్టిన తీరు మీద. ఒక పక్కన బానిసత్వం కథ పెట్టి, మిగతా ఇల్లంతా కుర్చీలు, గిన్నెలు, కర్టెన్లతో నింపితే, ఇంటికీ ఆ కథకూ సంబంధం తెగిపోతుంది. మా వాడు ఆ ప్రదర్శన ముందు నుంచే నడిచి వచ్చాడు. "పెరో గురించి చదివావా?" అని అడిగితే, "పెరో అంటే బ్రిడ్జి కదా?" అన్నాడు. ఊళ్లో నది పాయ మీద నడక వంతెన ఉంది, 1999లో కట్టారు, రెండు పెద్ద కొమ్ముల్లా కనిపిస్తుంది. దాని పేరు పెరోస్ బ్రిడ్జి. వాడు రోజూ దాని మీదుగానే తిరుగుతాడు. తప్పు వాడిది కాదు. ఇల్లు వాడికి ఏది చూపించిందో అదే చూసి వచ్చాడు.

పడక గదిలో మంచం ఏ చెక్కతో చేశారో చెప్పే చోటే, ఆ గదిలో యజమానికి గడ్డం గీసింది ఎవరో చెప్పొచ్చు. లెక్కల గదిలో, ఆ పుస్తకాల్లో మనుషుల పేర్ల పక్కన ధర రాసేవారని చెప్పొచ్చు. వంటింట్లో చక్కెర ముద్ద ముందు నెవిస్ గానుగ గురించి చెప్పొచ్చు. దీనికి పెద్ద ఖర్చు కాదు. ఇంటి అందం తగ్గుతుందని భయపడేవాళ్లు ఉంటారు. తగ్గదు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది, అంతే.

ఇది ఒక్క కుటుంబం గొడవ కూడా కాదు. బ్రిస్టల్ ఓడలు దాదాపు 1698 నుంచి 1807 వరకు రెండు వేలకు పైగా ప్రయాణాల్లో అయిదు లక్షల దాకా ఆఫ్రికన్లను తరలించాయి. పినీ ఇల్లు లేవడానికి ఒక్క ఏడాది ముందు, 1787లో, బానిస వ్యాపారం ఆపాలని పోరాడిన థామస్ క్లార్క్‌సన్ ఇదే ఊరికి వచ్చి, సెవెన్ స్టార్స్ అనే సారాయి కొట్టును అడ్డాగా చేసుకుని నావికుల దగ్గర సాక్ష్యాలు పోగేశాడు. కాబట్టి "ఆ కాలంలో ఎవరికీ తెలియదు" అనే మాట ఈ ఊళ్లో చెల్లదు. 1833లో బానిసత్వం రద్దు చట్టం వచ్చినప్పుడు ప్రభుత్వం 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చింది. యజమానులకు. చాకిరీ చేసినవాళ్లకు పైసా రాలేదు. దానికోసం చేసిన అప్పు బ్రిటన్ పన్నుల సొమ్ముతో 2015లో గానీ పూర్తిగా తీరలేదు.

ఆ చట్టానికి రాజు ఆమోదం దొరికింది ఆగస్టు 28న. దాదాపు నెల తర్వాత, సెప్టెంబర్ 27న, రాజా రామమోహన్ రాయ్ ఇదే బ్రిస్టల్‌లో కన్నుమూశాడు. పార్క్ స్ట్రీట్ కింద కాలేజ్ గ్రీన్‌లో ఆయన విగ్రహం ఉంది. మనవాళ్లు అక్కడ ఫొటో దిగుతారు, దిగాలి కూడా. కానీ ఆ చట్టానికీ మన తీరానికీ ఇంకో బంధం ఉంది. బానిసత్వం పోయాక చక్కెర తోటలకు మనుషులు కావాల్సి వచ్చారు. మారిషస్ తోటల కోసం ఓడలు వెతుక్కుంటూ వచ్చిన చోట్లలో మన కోరంగి, విశాఖ తీరం ఉన్నాయి. ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్లిన ఆ తెలుగువాళ్లను అక్కడ కోరంగీలు అన్నారు. వాళ్ల పిల్లల పిల్లలు నేటికీ అక్కడ ఉగాది చేసుకుంటారు, ఆ రోజు దేశమంతా సెలవు. పెరో పని, కోరంగి కూలీ పని ఒకటి కాదు. ఒకరిని కొన్నారు, ఇంకొకరిని ఒప్పందంతో కట్టేశారు. తోట ఒకటే, చెరకు ఒకటే. అందుకే పినీ వంటిల్లు నాకు పరాయి ఇంటి వంటగదిలా అనిపించలేదు.

సాయంత్రం మా వాణ్ణి ఆ వంతెన దగ్గరికి తీసుకెళ్లాను. రెయిలింగ్ నిండా ప్రేమికులు వేసిన తాళాలు వేలాడుతున్నాయి. పేర్లు చెక్కి, తాళం వేసి, తాళంచెవి నీళ్లలో పారేస్తారట. వాడు కాసేపు వాటిని చూస్తూ నిలబడి, "నాన్సీ, షీబా ఏమయ్యారు మామయ్యా?" అని అడిగాడు. పినీతో పాటు పెరో 1790లో ఒకసారి, 1794లో ఒకసారి నెవిస్ వెళ్లొచ్చాడని చెప్పాను. బ్రిస్టల్ వెళ్లే మన పిల్లలు ముందు ఈ వంతెన దగ్గర ఆగి, తర్వాత ఆ ఇంటికి వెళ్లండి. ఎక్కువ దూరం కాదు, కాస్త ఎత్తు ఎక్కాలి.