బ్యాండు కట్టాలంటే ముందు సాయంత్రం కావాలి

2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పనిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. వెంటనే తెలంగాణ కూడా వాణిజ్య సంస్థలకు 10 గంటల అనుమతి ఇచ్చింది. పెట్టుబడులు వస్తాయా, ఆరోగ్యాలు చెడతాయా అన్న దగ్గరే చర్చ ఆగిపోయింది. ఆ గంటతో ఇంకేం పోతుందో తెలియాలంటే ఉత్తర ఇంగ్లండ్ కార్మికుల బ్యాండుల చరిత్ర చూడాలి.

1850 ఫ్యాక్టరీ చట్టం జౌళి మిల్లుల్లో ఆడవాళ్లను, టీనేజీ పిల్లలను శనివారం మధ్యాహ్నం 2 దాటాక పనిలో ఉంచకూడదంది. వాళ్లు లేకుండా మిల్లు నడవదు గనక చాలాచోట్ల మగవాళ్లకూ ఆ పూట విడుదలే. మూడేళ్లు తిరిగేసరికి మాంచెస్టర్ బెల్ వ్యూలో బ్రాస్ బ్యాండుల, అంటే ఇత్తడి ఊదుడు వాయిద్యాల బృందాల, పోటీలు మొదలయ్యాయి. 1855లో బ్రాడ్‌ఫర్డ్ దగ్గరి క్వీన్స్‌బరీలో బ్లాక్ డైక్ మిల్లు బ్యాండు వచ్చింది.

ఇదంతా యజమానుల ఔదార్యం అనేవాళ్లున్నారు. మిల్లు యజమాని జాన్ ఫోస్టర్ తన మిల్లు గుడ్డతోనే బ్యాండుకు యూనిఫారాలు కుట్టించిన మాట నిజమే. కానీ ట్రంపెట్ లాంటి కార్నెట్ కొనిచ్చినంత మాత్రాన అది పలకదు. పెదవి కండరానికి రోజూ కాసేపు సాధన ఉండాలి. వారమంతా వదిలేసి ఒక్కరోజు నాలుగు గంటలు ఊదితే పెదవి వాస్తుంది, పైస్వరాలు పగులుతాయి.

అసలు సంగతి బ్యాండు కూర్పులో ఉంది. పోటీ బ్యాండులో ఇత్తడి వాయించేవాళ్లు 25 మంది: కార్నెట్లు 10, ఫ్లూగల్‌హార్న్ 1, టెనర్ హార్న్‌లు 3, బారిటోన్లు 2, యూఫోనియంలు 2, ట్రాంబోన్లు 3, అన్నిటికన్నా లోతుగా పలికే పెద్ద బేస్‌లు 4. బేస్ ట్రాంబోన్ తప్ప అన్నిటికీ స్వరలిపి ఒకే ట్రెబుల్ క్లెఫ్‌లో, అంటే గీతల మీద స్వరాల చోటు చెప్పే ఒకే గుర్తు కింద, రాస్తారు. కాగితం మీద ఒక స్వరానికి కార్నెట్‌లో ఏ వాల్వు మీటలు నొక్కుతారో బేస్‌లోనూ అవే. బేస్ వాయించేవాడు ఊరు మారితే బారిటోన్ వాడు ఆ కుర్చీలోకి జరుగుతాడు. వేళ్లు కొత్తగా నేర్వక్కర్లేదు, పెద్ద మౌత్‌పీస్‌కు పెదవి, ఊపిరి అలవాటు పడితే చాలు. మనుషులు మారుతూనే ఉండే పనిచోటుకు ఇంతకన్నా తగిన ఏర్పాటు నాకు కనిపించలేదు.

అయితే ఆ పది కార్నెట్లలో అన్నిటికన్నా పైస్థాయిలో పలికే సోప్రానో ఒక్కటే. ఆ ఒక్కడూ రాత్రి షిఫ్టులో చిక్కుకుంటే పై వరుస ఖాళీ. శ్రుతి కుదరడానికి కూడా అందరూ ఒకేచోట ఉండాలి. చల్లటి ఇత్తడి శ్రుతి దిగి ఉంటుంది, ఊది వేడెక్కించాకే శ్రుతి సరిచేసే జారుడు గొట్టం, ట్యూనింగ్ స్లైడ్, ముట్టుకోవాలి. తొందరపడి ముందే లోపలికి తోసేసినవాడు పది నిమిషాలకు అందరికన్నా పైశ్రుతిలో తేలతాడు. ఇంట్లో ఒంటరి సాధనలో ఈ తప్పు బయటపడదు. పక్కవాడి స్వరం చెవిన పడాలి.

అందుకే షిఫ్టులు సర్దుకోగలిగిన చోటే బ్యాండు నిలిచింది. దక్షిణ యార్క్‌షైర్‌లో 1917లో పుట్టిన గ్రైమ్‌థోర్ప్ బొగ్గు గని బ్యాండు, 1992 అక్టోబరులో గనుల మూసివేత ప్రకటన వెలువడిన కొద్ది రోజులకే లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జాతీయ పోటీ గెలిచింది. మర్నాటి జీతానికే భరోసా లేని మనుషుల గెలుపది. 1993లో గని మూతపడింది, బ్యాండు మాత్రం నేటికీ ఉంది.

మన ఆఫీసుల్లో పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు కొదవ లేదు. యాన్యువల్ డేకి నెల ముందు వాళ్లను పోగేసి, కరోకే ట్రాక్ మీద పాడించి, మర్నాడే మరిచిపోతున్నాం. ఆఫీసులో సంగీత క్లబ్బు నిలవాలంటే తాళం వేసుకోగల గది ఒకటి, క్లబ్బు పేరు మీద కొన్న వాయిద్యాలు, వారానికి రెండు సాయంత్రాలు కావాలి. గది, వాయిద్యాలు డబ్బు పెడితే వస్తాయి. సాయంత్రాలు చట్టం ఇవ్వాలి. పదో గంటను వెనక్కి తీసుకోవాలి. షిఫ్టు ముగిశాక మీటింగులు, ఫోన్లు చెల్లవని రెండు ప్రభుత్వాలూ నిబంధనల్లో రాయాలి.