పీహెచ్‌సీ రిజిస్టర్‌లో కులం గడి ఉండాల్సిందే

అమెరికాలో నల్లజాతి, లాటినో, ఆసియా మూలాల రోగులకు మానసిక వైద్యం తెల్లవాళ్లకంటే తక్కువగా అందుతోందని, అందినా అంతంతమాత్రంగానే ఉంటోందని 2001లో అక్కడి ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి (సర్జన్ జనరల్) నివేదికే ఒప్పుకుంది. వాళ్లు మనకంటే ధర్మాత్ములని అనుకోనక్కర్లేదు. రికార్డులో జాతి రాసుకున్నారు, దొరికిపోయారు. మనం కులం రాసుకోం, అందుకే గోదావరి డెల్టాలో అందరికీ వైద్యం సమానంగా అందుతోందని హాయిగా చెప్పుకుంటాం.

కాగితం మీద మనకూ లోటు లేదు. ముప్పై దాటిన వాళ్ల దగ్గర ఆశా కార్యకర్త జబ్బుల ముప్పు అంచనాకు నింపే సీబ్యాక్ ఫారంలో డిప్రెషన్ మీద రెండు ప్రశ్నలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ కులం పేరెత్తి మరీ వివక్ష కూడదంది. అయినా 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో నూటికి 85 మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్ర లేనే లేదు.

తేడా ఎక్కడ మొదలవుతుందో ఊహించడం కష్టమేం కాదు. ఒళ్లు నొప్పులు, గుండె దడ, నిద్ర పట్టట్లేదని వచ్చిన మనిషికి బీపీ చూసి, గ్యాస్ బిళ్లలూ బి-కాంప్లెక్సూ చేతిలో పెట్టి పంపడం తేలిక. "ఇంట్లో ఏమైనా ఇబ్బందా అమ్మా" అని కుర్చీ చూపించి అడిగి, వెనక డిప్రెషన్ ఉందేమో చూడడానికి పది నిమిషాలు కావాలి. ఆ పది నిమిషాలు దళితపేట నుంచి వచ్చిన కూలి మనిషికీ, పాలెం నుంచి వచ్చిన మత్స్యకార స్త్రీకీ, ఊళ్లో పెద్ద రైతు భార్యకూ ఒకేలా దక్కుతాయని నేను నమ్మను. మందు రాశాక ఇంకో చిక్కు. ఫ్లూఓక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులు పనిచేస్తున్నట్టు తెలియడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఈలోగా కొందరికి కడుపులో తిప్పుతుంది. కుదుటపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఊడ్పుల రోజుల్లో ఓపీకి రావడమంటే ఆ రోజు కూలి వదులుకోవడమే. సాయంత్రం పేటలోకి బండి మీద వచ్చే ఆర్‌ఎంపీ అయితే అప్పుకైనా సెలైన్ ఎక్కిస్తాడు. రెండోసారి ఆ కూలి మనిషి రాకపోతే ఆసుపత్రిలో "వాళ్లు మందులు సరిగా వాడరండీ" అంటారు. ఆ వాళ్లెవరో వినేవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు.

రోగిని కులం అడగడమేమిటి, డాక్టరుకు అందరూ ఒకటే, ఆ గడి పెడితే ఇంకో ముద్ర పడుతుంది అనేవాళ్లున్నారు. పేర్లు బయటపెట్టమని ఎవరన్నారు? మండలంవారీ మొత్తాలు చాలు. స్కాలర్‌షిప్పుకు, ఇళ్ల స్థలానికి కులం రాసినప్పుడు లేని మొహమాటం మందుబిళ్ల దగ్గరే ఎందుకు?

అసలు ఈ డెల్టాలో కులం లెక్క లేనిదెక్కడ? ఎన్నికలొస్తే ఏ బూత్‌లో ఎవరి ఓట్లెన్నో టీ కొట్టు దగ్గర వేళ్ల మీద చెప్పేస్తారు. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడుతున్నారని 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. జనగణనలో కులం లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటిస్తే పలు పార్టీలు ఆ ఘనత తమదేనన్నాయి. ఓట్లకూ సీట్లకూ పనికొచ్చే ఈ లెక్క ఆసుపత్రి గడప దాటి లోపలికి వెళ్లదు. వెళితే ఎవరు ఎవర్ని పట్టించుకోలేదో తేలిపోతుంది, అదీ భయం. దాళ్వా (రబీ) పంటకు నీళ్లు శివారు ఆయకట్టు దాకా వెళ్లాయో లేదో క్యూసెక్కుల్లో కొలిచే యంత్రాంగానికి ఇది కొలవడం చేతకాదంటే ఎవరు నమ్ముతారు?

కోనసీమ, కాకినాడ, పశ్చిమ గోదావరి జిల్లా వైద్యారోగ్యాధికారులు (డీఎంహెచ్‌ఓలు) నెలవారీ సమీక్షకు ఒక్క పట్టిక తెస్తే చాలు: సీబ్యాక్‌లోని ఆ రెండు ప్రశ్నల్లో డిప్రెషన్ లక్షణాలు బయటపడ్డది ఏ కులాల నుంచి ఎందరికి, మందు మొదలైంది ఎందరికి, ఆరు నెలలు నడిచింది ఎందరికి. గోవాలో స్థానికులకే శిక్షణ ఇచ్చి ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కౌన్సెలర్లుగా పెడితే రోగులు మెరుగ్గా కోలుకున్నారని 2010లోనే రుజువైంది. పట్టిక చేతికొచ్చాక, ఇక్కడి కౌన్సెలర్ పోస్టుల్లోకి ఏయే పేటల ఆడపిల్లలను ముందు తీసుకోవాలో అదే సమీక్షలో తేల్చవచ్చు.